గోడమీది గుండ్రటి థర్మోస్టాట్: మార్చాలా, ఉంచాలా?

అమెరికాలో చలి రాష్ట్రాల్లో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు మొదటి చలికాలంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. హాల్లో గోడమీద ఓ గుండ్రటి డబ్బా ఉంటుంది. బంగారు రంగో, లేత గోధుమ రంగో. చుట్టూ అంకెలు, పట్టుకుని తిప్పడానికో చక్రం. దీన్ని పీకేసి డిజిటల్‌ది పెడితే గ్యాసు బిల్లు తగ్గుతుందట, నిజమేనా అని అడుగుతారు. మేముండేది మిషిగన్‌లో, 1960ల నాటి ఇంట్లో. మా ఇంటి డబ్బాని నేనే విప్పి మార్చాను. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో మరో ఏడెనిమిది మార్చేటప్పుడు చెయ్యి వేశాను. కంపెనీల ప్రకటనలు చెప్పేదానికీ, ఇళ్ళల్లో నేను చూసినదానికీ తేడా ఉంది. పాతదే మంచిదని పట్టుపట్టేవాళ్ళ మాటలోనూ సగమే నిజం. అందుకే ఈ విషయాన్ని మొదటినుంచీ ఓసారి చూద్దాం.

థర్మోస్టాట్ మనకి తెలియని వస్తువేం కాదు. ఇస్త్రీ పెట్టె కాసేపు వేడెక్కాక టక్కుమని లైటు ఆరిపోతుంది, చల్లారాక మళ్ళీ వెలుగుతుంది. లోపల రెండు వేర్వేరు లోహాల రేకులు అతికించిన పట్టీ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. దాంతో పట్టీ వంగి కరెంటు తెగిపోతుంది. హైస్కూల్లో ద్విలోహ పట్టీ అని చదువుకున్నది ఇదే. గోడమీది గుండ్రటి డబ్బాలోనూ అదే పట్టీ, గడియారం స్ప్రింగులా చుట్టచుట్టుకుని ఉంటుంది. దాని కొసన వేలెడంత కూడా లేని గాజు గొట్టం, అందులో పాదరసం బొట్టు. గది చల్లబడితే చుట్ట బిగుసుకుని గొట్టం ఒక పక్కకి ఒరుగుతుంది. పాదరసం జారి రెండు తీగల్ని కలుపుతుంది, బేస్‌మెంట్‌లో ఇంటిని వేడిచేసే ఫర్నేస్ వెలుగుతుంది. గది వేడెక్కాక గొట్టం రెండోవైపు ఒరిగి, బొట్టు వెనక్కి జారిపోతుంది.

మా ఇంట్లో మొదటిసారి ఆ మూత తీసినప్పుడు చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశాను. వెండి బొట్టు కదిలిన ప్రతిసారీ కిందనుంచి ఫర్నేస్ చప్పుడు. బ్యాటరీ లేదు, చిప్ లేదు. అరవయ్యేళ్ళపాటు ఎవరూ ముట్టుకోకపోయినా పనిచేసింది. ఇంత నమ్మకమైన వస్తువు ఇంట్లో ఇంకోటి ఉందా అనిపించింది. అందుకే మార్చాలనేవాళ్ళకి నేను ముందు చెప్పేది, పాతది పాతదైనంత మాత్రాన చెడ్డది కాదని. అయితే గోడమీద అది నిటారుగా, ఒరగకుండా ఉండాలి. సామాన్లు మోస్తుంటే తగిలి కాస్త పక్కకి జరిగినా, రంగులు వేసేవాళ్ళు విప్పి వంకరగా బిగించినా, చక్రం మీద 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఉంటే గదిలో 66 ఉంటుంది. చాలామంది పాడైపోయిందనుకునే థర్మోస్టాట్ నిజానికి ఒరిగిపోయిన థర్మోస్టాట్.

దీని వెనకున్న చరిత్రలో ఒక బడి పంతులున్నారు. థర్మోస్టాట్ అనే పేరు 1830లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ పెట్టినదే అయినా, గదుల వేడికి దాన్ని పనికొచ్చేలా చేసింది విస్కాన్సిన్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పిన వారెన్ జాన్సన్. ఆ రోజుల్లో బడి నౌకరు తరగతి గదుల్లోకి వచ్చి వేడి ఎంతుందో చూసుకుని, కిందికి వెళ్ళి గాలి తలుపులు సర్దేవాడు. పాఠానికి ఇది అడ్డం. జాన్సన్ 1883లో గది నుంచి కింద ఉన్న మనిషికి గంట మోగించి చెప్పే విద్యుత్ పరికరానికి పేటెంట్ తీసుకున్నారు. ఆయన పెట్టిన కంపెనీయే నేటి జాన్సన్ కంట్రోల్స్. కొద్దికాలానికే మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ బొగ్గు ఫర్నేస్ గాలి మూతని దానంతటదే తెరిచి మూసే ఏర్పాటు చేశారు. ఆ పనే చేతులు మారి చివరికి హనీవెల్ కంపెనీ అయింది. 1953లో హనీవెల్ వాళ్ళు హెన్రీ డ్రైఫస్ రూపకల్పనతో గుండ్రటి థర్మోస్టాట్ తెచ్చారు. ఆ పాత ఇళ్ళల్లో మనకి కనిపించేది ఎక్కువగా అదే.

ఇక అసలు ప్రశ్న, డబ్బు మిగులుతుందా? ఇక్కడే మాటలు గజిబిజి అవుతాయి. గోడమీద డబ్బా మారితే ఇంట్లోంచి బయటికి పోయే వేడి మారదు. ఇంటి వేడి గోడల్లోంచి, కిటికీల్లోంచి, అటకమీంచి పోతుంది. లోపలికీ బయటికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంటే అంతకు తగ్గట్టు పోతుంది. కాబట్టి థర్మోస్టాట్‌తో ఆదా అయ్యే దారి ఒక్కటే, ఆ తేడాని కొన్ని గంటలైనా తగ్గించడం. రాత్రి దుప్పట్లో ఉన్నప్పుడో, ఇంట్లో ఎవరూ లేనప్పుడో. అమెరికా ఇంధన శాఖ చాలాకాలంగా చెబుతున్న లెక్క ప్రకారం, రోజుకి 8 గంటలపాటు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా మిగలొచ్చు.

ఆ లెక్క మనమే వేసి చూసుకోవచ్చు. బయట 40 డిగ్రీలుందనుకుందాం, లోపల 70. తేడా 30. రాత్రి 8 గంటలు 62కి దించితే తేడా 22 అవుతుంది. అంటే ఆ మూడోవంతు రోజులో పోయే వేడి సుమారు 27 శాతం తగ్గింది. మొత్తం రోజుకి చూస్తే 9 శాతం. అదే మిషిగన్ జనవరిలో బయట 20 డిగ్రీలుంటే తేడా 50 నుంచి 42కి తగ్గుతుంది, రోజు మొత్తానికి 5 శాతమే. ఇదీ గరిష్ఠ లెక్కే, ఎందుకంటే తగ్గించిన నిమిషంలోనే ఇల్లు 62కి దిగదు. గోడల్లో ఇన్సులేషన్ బాగున్న ఇల్లయితే తెల్లవారేదాకా 66 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఎవరైనా పాతిక శాతం, ముప్ఫై శాతం అంటే నమ్మకండి. తగ్గించిన వేడిని మళ్ళీ ఎక్కించడానికి అంతకు అంతా ఖర్చయిపోతుందనే మాటా నమ్మకండి. గ్యాసు ఫర్నేస్ ఉన్న ఇంట్లో అది తప్పు. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ బయటికి పోయే వేడి తక్కువ, ఆ మేరకు మిగిలినట్టే.

ఇందులో ఎక్కడా డిజిటల్ అన్న మాట రాలేదు చూడండి. రాత్రి పడుకోబోతూ చక్రాన్ని చేత్తో తిప్పి తగ్గించి, పొద్దున్నే మళ్ళీ పెంచే ఇంట్లో పాత డబ్బాతోనే ఈ ఆదా అంతా వస్తుంది. 1977 ఫిబ్రవరి 2న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెట్టర్ వేసుకుని టీవీలో కూర్చుని దేశాన్ని అడిగింది అదే. పగలు 65, రాత్రి 55 పెట్టుకోండని. అప్పుడు దాదాపు అందరి గోడలమీదా ఉన్నవి చేత్తో తిప్పేవే.

అయితే మనుషులు మరిచిపోతారు. ఆ పని యంత్రం చేస్తుందని ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లు వచ్చాయి. వాటి కథ తెలుసుకోదగ్గది. ఇంధనం ఆదా చేసే వస్తువులకి వేసే ఎనర్జీ స్టార్ ముద్రని ప్రభుత్వం వాటికి ఇచ్చింది, తర్వాత 2009 చివర్లో ఆ ముద్ర ఆపేసింది. కారణం, పెట్టుకున్న ఇళ్ళల్లో ఆశించిన ఆదా కనబడకపోవడం. బర్కిలీలోని జాతీయ ప్రయోగశాలలో ఆలన్ మెయర్ బృందం జనం వీటిని నిజంగా ఎలా వాడుతున్నారో పరిశీలించింది. చాలా ఇళ్ళల్లో ప్రోగ్రామ్ పెట్టనే లేదు. కొన్నింట్లో గడియారం టైమే తప్పు. ఎన్నో ఇళ్ళల్లో 'హోల్డ్' మీట నొక్కేసి, కొత్త యంత్రాన్ని పాత చక్రంలాగే వాడుతున్నారు. తప్పు జనానిది కాదు. చిన్న చిన్న మీటలు, అర్థంకాని పొట్టి పదాలు, వారంలో ఏడు రోజులకీ రోజుకి నాలుగు వేళలు విడివిడిగా పెట్టమనడం. పనినుంచి అలసి వచ్చినవాళ్ళెవరూ ఆ పరీక్ష రాయరు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. రాజమండ్రి నుంచి మా దగ్గరికి వచ్చిన మొదటి చలికాలం. మంకీ క్యాపు, శాలువా, కాళ్ళకి మేజోళ్ళు, అయినా చలే. ఓరోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి చక్రం 85 మీద ఉంది. "బాగా తిప్పితే తొందరగా వేడెక్కుతుంది కదరా" అంది. పొయ్యి మంట పెంచితే అన్నం తొందరగా ఉడుకుతుంది, కుళాయి ఎక్కువ తిప్పితే బిందె తొందరగా నిండుతుంది. ఆ లెక్కన అమ్మ అన్నది సబబే. కానీ మామూలు ఫర్నేస్‌కి ఉన్నవి రెండే స్థితులు, వెలగడం, ఆరడం. 72 పెట్టినా 85 పెట్టినా అదే వేగంతో వేడెక్కుతుంది, 85 పెడితే ఆగాల్సినచోట ఆగదు. విల్లెట్ కెంప్టన్ అనే మానవ శాస్త్రవేత్త 1986లో సరిగ్గా దీనిమీదే ఒక వ్యాసం రాశారు. థర్మోస్టాట్‌ని కుళాయిలా ఊహించుకునేవాళ్ళు అమెరికన్లలో పావువంతు నుంచి సగం దాకా ఉంటారని ఆయన అంచనా. అంటే ఇది ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకీ సహజంగా వచ్చే ఊహ.

డిజిటల్ థర్మోస్టాట్ వల్ల మా ఇంట్లో నిజంగా ఒరిగిన మేలు ఇక్కడుంది. పెద్ద అంకెల్లో ఇప్పుడు గదిలో ఎంతుందో ఒకటి, ఎంతకి వెళ్తోందో ఒకటి, రెండూ పక్కపక్కన కనబడతాయి. 69, 72. అమ్మ పావుగంటకోసారి వచ్చి చూసుకునేది. 70 అయింది, 71 అయింది. "వస్తోందిలే" అనుకుని వెళ్ళి కూర్చునేది. తిప్పడం మానేసింది. ఏ పొదుపు పాఠమూ చెయ్యలేని పని ఆ రెండు అంకెలు చేశాయి. కాబట్టి కొనేటప్పుడు నేను మొట్టమొదట చూడమనేది తెర. ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు లేకుండా చదవగలరా, ఫోన్ అక్కర్లేకుండా ఒక డిగ్రీ పెంచుకోగలరా? వాళ్ళ ఆరోగ్యం దృష్ట్యా రాత్రి మరీ దించకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చలికాలంలో ఇంటి లోపల 18 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలంది. అంటే 64 ఫారెన్‌హీట్ చిల్లర. పెద్దవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో 65కి తగ్గించి 62 లెక్కలు వదిలెయ్యడమే సరైనది.

తర్వాతి మెట్టు వైఫై ఉన్న స్మార్ట్ థర్మోస్టాట్. టొరంటోలో పుట్టిన ఎకోబీ మొదటివాటిల్లో ఒకటి. 2011లో నెస్ట్ వచ్చాక ఇది ఇంటింటి మాటయింది, 2014లో గూగుల్ నెస్ట్‌ని 320 కోట్ల డాలర్లకి కొంది. ఇవి ఇంట్లో మనుషులున్నారో లేరో కనిపెట్టి తామే వేడి తగ్గిస్తాయి. ఇళ్ళల్లోంచి వచ్చిన అసలు లెక్కలు చూపిస్తేనే ఎనర్జీ స్టార్ ముద్ర వేస్తున్నారు. వాటి ప్రకారం సగటు ఆదా వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో 8 శాతం, ఏడాదికి సుమారు 50 డాలర్లు. ఇది నమ్మదగ్గ అంకె. ఇంటికొచ్చే వేళ స్థిరంగా లేనివాళ్ళకి, షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళకి ఇవి బాగా నప్పుతాయి. చాలాచోట్ల గ్యాసు, కరెంటు కంపెనీలు రిబేటు ఇస్తాయి, కొనేముందు వాళ్ళ సైటు చూసుకోవాలి.

కానీ ఒక్కసారి ఇంటర్నెట్‌కి తగిలించాక ఆ వస్తువు పూర్తిగా మనది కాదు. 2016 జనవరిలో నెస్ట్ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల బ్యాటరీలు దిగిపోయి, నట్టచలిలో ఎన్నో ఇళ్ళు చల్లబడిపోయాయి. 2022 ఆగస్టు చివర్లో కొలరాడోలో ఎండ మండిపోతున్న రోజున, రాయితీ పథకంలో చేరిన సుమారు 22,000 ఇళ్ళవాళ్ళు తమ ఏసీ తాము పెంచుకోలేకపోయారు. కరెంటు కంపెనీ చేతికి తాళం వెళ్ళింది. 2025 అక్టోబరులో మొదటి రెండు తరాల నెస్ట్‌లకి గూగుల్ మద్దతు ఆపేసింది. గోడమీద చేత్తో తిప్పితే ఇప్పటికీ పనిచేస్తాయి, ఫోన్ నుంచి మాత్రం కావు. 1953 నాటి వస్తువు నేటికీ ఆడుతుండగా 2011 నాటిది సగం మూగబోవడం నాకు బాధ కలిగించే విషయం. కరెంటు కంపెనీల రాయితీ పథకాల్లో చేరేముందు నిబంధనలు చదవండి.

ఇప్పుడు బిగించడం. చాలామందికి నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముందు బ్రేకరు ఆపి, పాత డబ్బా వెనక తీగలు చూడాలి. సన్నని రంగు తీగలైతే అది 24 వోల్టుల వ్యవస్థ, ఇంట్లో మనం చేసుకోదగ్గ పని. రెండో నాలుగో లావు నల్ల, ఎర్ర తీగలు టోపీలు బిగించి కనబడితే అది 120 లేదా 240 వోల్టుల కరెంటు హీటరు. దానికి మామూలు డిజిటల్ థర్మోస్టాట్ తగిలిస్తే కాలిపోతుంది, మనిషికీ ప్రమాదం. దానికి వేరే రకం కొనాలి, ఎలక్ట్రీషియన్ని పిలవాలి. ఇంగ్లండ్‌లోనూ చాలా ఇళ్ళల్లో గది థర్మోస్టాట్‌కి నేరుగా 230 వోల్టులు వస్తాయి, అక్కడున్నవాళ్ళు ఈ వ్యాసం చూసి విప్పకండి. గోడలోనే ఉండే పాత గ్యాసు హీటర్లకి వోల్టులో ముప్పావు వంతే వస్తుంది, వాటికీ వేరే రకమే.

24 వోల్టులదే అయితే, ఫర్నేస్ స్విచ్చి కూడా ఆపాలి. మూత తీసి, ఏ తీగ ఏ అక్షరం దగ్గరుందో ఫోటో తియ్యాలి. ఆర్ అంటే కరెంటు వచ్చే తీగ, డబ్ల్యు వేడి, వై చల్లదనం, జి ఫ్యాను. రంగుని నమ్మకూడదు, అక్షరాన్నే నమ్మాలి. ఎప్పుడో ఎవరో దొరికిన తీగతో పని కానిచ్చి ఉంటారు. విప్పిన తీగలు గోడలోకి జారిపోకుండా ఓ పెన్సిలుకి చుట్టాలి. పాత డబ్బా వెనక గోడలో రంధ్రం ఉంటుంది, బేస్‌మెంట్ చల్లగాలి దాంట్లోంచి నేరుగా సెన్సార్ మీదికి వస్తుంది. దాన్ని కొంచెం పుట్టీతో మూసెయ్యాలి. ఈ చిన్నపని చెయ్యక, కొత్త థర్మోస్టాట్ తప్పు చూపిస్తోందని తిరిగిచ్చేసినవాళ్ళని చూశాను.

సి తీగ దగ్గర చాలామంది ఆగిపోతారు. స్మార్ట్ రకాలకి నిరంతరం కరెంటు కావాలి, అది సి తీగతో వస్తుంది. వేడి మాత్రమే ఉన్న పాత ఇళ్ళల్లో తీగలు రెండే, ఆర్, డబ్ల్యు. ఒక్కోసారి అదే కేబుల్లో వాడని తీగ వెనక్కి మడిచి గోడలో దాగి ఉంటుంది, ముందు అది వెతకాలి. లేకపోతే ప్లగ్గుకి పెట్టుకునే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. లేదూ బ్యాటరీలతో నడిచే మామూలు డిజిటల్‌ది కొనుక్కోవాలి, దానికి రెండు తీగలు చాలు. సి లేకుండానే పనిచేస్తాయని చెప్పేవి ఫర్నేస్ సర్క్యూట్‌లోంచి కొద్దికొద్దిగా కరెంటు లాక్కుంటాయి. కొన్ని పాత ఫర్నేస్‌లకి అది పడదు.

మా ఇంట్లో నేను బ్రేకరు ఆపకుండా తొందరపడ్డాను. ఆర్ తీగ కొస సి తీగకి తగిలింది. చిన్న మెరుపు, అంతే. కొత్త తెర వెలగలేదు, పాతది తిరిగి పెట్టినా ఫర్నేస్ రాలేదు. బయట మంచు, ఇంట్లో పిల్లలు. ఫర్నేస్ తలుపు తీసి చూస్తే సర్క్యూట్ బోర్డు మీద ఊదా రంగు ఫ్యూజు, కార్లలో వేసేదే, 3 ఆంపియర్లది, మాడిపోయి ఉంది. కార్ల సామాను దుకాణంలో రెండు డాలర్లకి దొరికింది, కానీ దొరికేదాకా పడ్డ ఆందోళన మరిచిపోలేను. అందుకే ఎవరింటికి వెళ్ళినా ముందు బ్రేకరు దగ్గరికే నడుస్తాను.

బిగించాక మెనూలో ఫర్నేస్ రకం సరిగ్గా చెప్పాలి. పాత గుండ్రటి దాంట్లో వేడిని ముందే పసిగట్టి కాస్త ముందుగా ఆపే చిన్న తీగ ఉండేది. డిజిటల్‌లో ఆ పని గంటకి ఎన్నిసార్లు వెలగాలనే అంకె చేస్తుంది. మామూలు గ్యాసు ఫర్నేస్‌కి 5, ఎక్కువ సామర్థ్యం ఉన్నవాటికీ వేడినీళ్ళ బాయిలర్‌కీ 3, ఆవిరి బాయిలర్‌కి 1. ఇది తప్పితే గది ఊగిసలాడుతుంది, లేదా ఫర్నేస్ పదేపదే వెలిగి ఆరుతుంది.

షార్లెట్, రాలీ, అట్లాంటా వైపున్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఫర్నేస్ బదులు హీట్ పంప్ ఉండటం మామూలు. అక్కడ లెక్క వేరు. రాత్రి బాగా దించి పొద్దున్న ఒక్కసారిగా పెంచితే, హీట్ పంప్‌కి సాయంగా కరెంటు కాయిల్స్ వెలుగుతాయి. రాత్రి మిగిలింది పొద్దున్న పోతుంది. హీట్ పంప్ కోసమే తయారుచేసిన థర్మోస్టాట్ పెట్టి, రెండు మూడు డిగ్రీలకి మించి దించకపోవడం మేలు.

మొత్తంమీద నా తీర్పు ఇది. రోజూ చేత్తో తగ్గించే అలవాటున్న ఇంట్లో డబ్బు కోసం మార్చనక్కర్లేదు. అలవాటు లేని ఇంటికి, వేళలు స్థిరంగా ఉంటే, 40, 50 డాలర్ల మామూలు ప్రోగ్రామబుల్ చాలు, పెద్ద అంకెలది. వేళలు లేని ఇంటికి స్మార్ట్‌ది, సి తీగో దాని బదులు ట్రాన్స్‌ఫార్మరో ఉంటేనే. అటకమీద ఇన్సులేషన్ పలచగా ఉండి, కిటికీ సందుల్లోంచి గాలి కొడుతుంటే, ఆ డబ్బు ముందు అక్కడ పెట్టండి. చలికాలం సెలవుల్లో నెలరోజులు ఇండియా వెళ్ళేవాళ్ళకి మాత్రం స్మార్ట్‌ది నిజమైన ధైర్యం. వెళ్ళేటప్పుడు 55కి తగ్గించి వెళ్ళాలి, అంతకన్నా దించితే గోడల్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగిలే ప్రమాదం. ఫర్నేస్ ఆగిపోతే హైదరాబాద్‌లో ఉన్న మీ ఫోన్‌కి కబురొస్తుంది, పక్కింటివాళ్ళని పంపొచ్చు.

చివరిగా ఒక మనవి. విప్పిన పాత డబ్బాని చెత్తబుట్టలో వెయ్యకండి. అందులో సగటున 4 గ్రాముల పాదరసం ఉంటుంది, ఒక ట్యూబ్‌లైట్‌లో ఉండేదానికి ఎన్నో వందల రెట్లు. గాజు గొట్టం పగలకుండా, మూతతో సహా జిప్ కవరులో పెట్టండి. పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకండి. మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రంలోనో, హీటింగ్ సామాను అమ్మే టోకు దుకాణంలో పాత థర్మోస్టాట్ల కోసం పెట్టిన సేకరణ పెట్టెలోనో వెయ్యండి. థర్మోస్టాట్ కంపెనీలే కలిసి 1998 నుంచి వాటిని సేకరించి పాదరసం తీయిస్తున్నాయి.